తువ్వాలు కింది మాట

కుప్పం,
ఆగస్టు 6.

మునిశేఖర్ మామకు యమున నమస్కారాలు.

ఉత్తరం చూసి బెదిరిపోవద్దు. అందరం బాగున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ రోజుల్లో ఇంటికి కవరు వస్తే బ్యాంకువాళ్లదో కోర్టువాళ్లదో అనుకుంటారు కాబట్టి ముందే చెబుతున్నా.

మా ఎంబీఏ కాలేజీలో లోకేష్ సారని ఒకాయన ఉన్నారు. బిజినెస్ కమ్యూనికేషన్ చెబుతారు. "మీకు వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తడం తప్ప ఇంకే కమ్యూనికేషనూ రాదు" అని క్లాసు మొత్తాన్నీ తిట్టి, వ్యాపారం చేసే మనిషికి ఎవరికైనా చేత్తో ఉత్తరం రాసి, జవాబు తెప్పించి చూపిస్తేనే ఇంటర్నల్ మార్కులన్నారు. మన వంశంలో వ్యాపారం చేసేది నువ్వొక్కడివే. పశువుల దళారి కూడా వ్యాపారస్తుడి కిందికి వస్తాడా అని అడిగితే, "అంతకు మించిన వ్యాపారస్తుడు ఎవరమ్మా" అన్నారు. కాబట్టి గర్వపడు. మరీ ఎక్కువ పడకు.

ఇక అసలు సంగతి. రెండో ఏడాదికి మేం ఒక స్పెషలైజేషన్ ఎంచుకోవాలి. మార్కెటింగ్, ఫైనాన్స్, హెచ్‌ఆర్ ఉన్నాయి. సొంత వ్యాపారం పెట్టేవాళ్ల కోసమే ఆంట్రప్రెన్యూర్‌షిప్ అని నాలుగోది కూడా ఉందని కాగితం మీద వేశారు. దాన్ని చూసే నేను ఇక్కడ చేరాను. తీరా వచ్చాక, దానికి పదిమందైనా లేకపోతే నడపమన్నారు. ఇష్టమున్నవాళ్లు చేతులెత్తమంటే ఎత్తింది నేనూ, వెనక బెంచీలో సాయీ. సాయి ఒళ్లు విరుచుకుంటున్నాడట. సారు పేరు రాసుకోబోతుంటే గబుక్కున దించేశాడు.

నాకేం కావాలో నీకు తెలుసు. మన పుంగనూరు పొట్టి ఆవులను మేపే ఇళ్ల దగ్గర కొని, బాగా చూసుకునేవాళ్లకు అమ్మే వ్యాపారం పెట్టాలి. పక్కనే నెయ్యి. నాన్నకు మాత్రం నేను ఫైనాన్స్ చదివి బెంగుళూరులో ఏదైనా బ్యాంకులో కూర్చోవాలని ఉంది. ఆర్టీసీ కండక్టరు కదా, ఒకటో తేదీ జీతం పడని బతుకు బతుకే కాదంటాడు. "నీకు నచ్చిందే తీసుకో, కానీ ఆవులంటూ తిరిగితే చదివించేది లేదు" అన్నాడు. అందులో నాకు నచ్చింది ఎక్కడుందో వెతుక్కుంటున్నా.

నా రూమ్మేటు జెనిఫర్ హెచ్‌ఆర్ తీసుకుంటానంటోంది. మదనపల్లె మిషన్ ఆసుపత్రి కాంపౌండ్‌లో వాళ్ల ఇల్లు. నర్సులంతా వాళ్లమ్మ దగ్గరికొచ్చి కష్టం చెప్పుకుంటుంటే వింటూ పెరిగిందట, ఆ చదువు సగం అయిపోయినట్టేనని ఆమె లెక్క. మరి నేనేం తీసుకోవాలి మామా? దసరా సెలవులు అయ్యాక ఫారం ఇచ్చేయాలి. తప్పుగా ఎంచుకుంటే నా వ్యాపారం కాగితం మీది నాలుగో సబ్జెక్టులాగే మిగిలిపోతుంది.

మునియమ్మ అత్తను అడిగానని చెప్పు. కొట్టంలో చిట్టెమ్మ ఎలా ఉంది?

నీ మేనకోడలు,
యమున

*

పుంగనూరు,
ఆగస్టు 17.

చిరంజీవి యమునకు మామ ఆశీస్సులు.

నీ ఉత్తరాన్ని టీ అంగడిలో పెద్దగా చదివి వినిపించాను. "అంతకు మించిన వ్యాపారస్తుడు ఎవరమ్మా" అన్నచోట రెండుసార్లు చదివాను. మీ సారుకు నా తరఫున ఒక నమస్కారం.

ఇందులో ఆలోచించేదేముంది? మార్కెటింగ్. నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్నది అదే, పేరే తెలియదు. తన్నే ఆవును అమ్మేటప్పుడు తన్నుతుందని చెప్పను, "చురుకైనది" అంటాను. మెల్లగా నడిచే ఎద్దు "నిదానస్తుడు". మొన్న బెంగుళూరు నుంచి కారులో ఒకాయన వచ్చి, కాసేపు నాతో మాట్లాడి ఏమన్నాడో తెలుసా? "మీరు కాలేజీల్లో పాఠం చెప్పాల్సిన మనిషండీ. అసలైన మార్కెటింగ్ మేనేజర్ మీరే" అన్నాడు. చదువుకున్నవాడు, కళ్లజోడు కూడా ఉంది. ఊరికే అంటాడా?

ఫైనాన్స్ అంటే లెక్కలు. లెక్కలు మీ నాన్న చూసుకుంటాడు, చిల్లర ఇవ్వకుండా ఎవరినీ దిగనివ్వడు కదా. హెచ్‌ఆర్ నీకు అక్కరలేదు. మనుషులతో మాట్లాడడం నీకు పుట్టుకతోనే వచ్చింది. ఇంట్లో ఉన్న ఎద్దును సంతలో ఎవడైనా కొంటాడా?

వచ్చే నెల ఒక సంత రోజు ఈడికి రా. మీ పుస్తకాల్లో లేనివి చూపిస్తా. తువ్వాలు కింద బేరం ఎలా జరుగుతుందో చిన్నప్పుడు నీకు ఆటగా నేర్పించాను, గుర్తుందా? కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది నిలబడినా ఆ ఇద్దరికీ దళారికీ తప్ప నాలుగో మనిషికి తెలియదు. అదీ మర్యాద. మీ జెనిఫర్‌ను కూడా తోడుకొని రా.

మీ అత్త బాగుంది. ఈ మధ్య మాట కాస్త తగ్గించింది. పంటినొప్పి కాబోలు.

మీ మామ,
మునిశేఖర్

*

కుప్పం,
సెప్టెంబరు 23.

మామా,

ముందుగా మార్కుల సంగతి. నీ ఉత్తరానికి సారు పదికి తొమ్మిది వేశారు. నాదానికి ఏడు. "తన్నే ఆవును చురుకైనది అనడం నీతి కాదు గానీ, రాయడం మాత్రం వచ్చింది మీ మామకు" అన్నారు. మార్కులు అయిపోయాయి కాబట్టి ఈ ఉత్తరం ఆయనకు చూపించను. మానేద్దామంటే నీ ఫోనుకు ఆవులూ ఎద్దులే తగులుతాయి, మనుషులకు ఎప్పుడూ ఎంగేజే. అందుకని రాస్తున్నా.

మొన్న సంత ఎంత బాగుందో! జెనిఫర్ వాళ్ల చర్చిలో సండే స్కూలు పిల్లలకు వాడే మైకు తెచ్చిందని నీ ముఖం మాడిపోయింది గానీ, అది లేకపోతే ఆ రొదలో నా మాట ఎవరికి వినబడేది? నా పలక చూశావుగా? "ఈ రోజు ధరలు" అని పైన రాసి, ఏ పశువు ఎంతకు పోయిందో అడిగి కింద రాస్తుంటే జనం ఎలా మూగారో! మొదట ఒక్కరూ నోరు విప్పలేదు. తర్వాత ఆ కలికిరి అమర్‌నాథ్ గారు తన ఎద్దుల జత ధర చెప్పారు. చెప్పారంటే, నేను "అన్నా, అన్నా" అంటూ వెంటపడితే చిన్నగా అన్నారు. జెనిఫర్ మైకులో పెద్దగా అనేసింది. ఆ తర్వాత అందరూ ఆ జత గురించే మాట్లాడుకున్నారు.

కోపం తెచ్చుకోకు గానీ ఒక మాట అంటా. తువ్వాలు కింద బేరం మర్యాద అన్నావు. అది మర్యాద కాదు మామా, చీకటి. ధర అందరికీ తెలిస్తే రైతు మోసపోడు. దీని మీదే రిపోర్టు రాసి, మార్కెటింగే తీసుకుంటా. నీ మాటే నెగ్గింది, సంతోషమా?

ఒక సంగతి మాత్రం అర్థం కాలేదు. అత్త మాకు రాగిసంకటి, ఊరుబిండి పచ్చడి పెట్టి పక్కన కూర్చుంది గానీ నీకు వడ్డించలేదు. నువ్వే పెట్టుకుని తిన్నావు. పంటినొప్పికీ వడ్డనకూ సంబంధమేమిటి? కొట్టంలో చిట్టెమ్మ గుంజ ఖాళీగా ఉంది. దాని పెయ్య చిన్నక్క ఒక్కటే ఉంది. మేతకు తోలానన్నావు. ఎండ నడినెత్తిన ఉండగా మేతకా?

యమున

*

పుంగనూరు,
సెప్టెంబరు 30.

యమునా,

పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని మా నాయన అనేవాడు. నువ్వు బస్సెక్కి వెళ్లిపోయాక ఏం జరిగిందో చెబుతా, విను.

అమర్‌నాథ్ ఆ జతను ఇష్టంగా అమ్మలేదు. బోరు ఎండిపోయింది, టమాట పోయింది, పిల్లవాడి కాలేజీకి కట్టాలి. మోయలేక అమ్మాడు. అవసరం ఉన్నవాడు అమ్మే ధర అది, ఎద్దుల ధర కాదు. తువ్వాలు కింద కొన్నవాడు పట్టిన మొదటి వేలికే అతను ఒప్పేసుకున్నాడు. ఆ తొందర ఎందుకో నాకు తెలుసు, కొన్నవాడికి తెలుసు. అక్కడితో ఆగిపోవాల్సింది. నువ్వు పలకమీద రాశావు, ఆ పిల్ల మైకులో చదివింది. సంతలో వాళ్ల బావమరిది ఉన్నాడు. "ఏం బావా, ఎద్దుల్ని అమ్మినావా, ఊరికే ఇచ్చి వస్తాండావా?" అన్నాడు అందరి ముందర. అమర్‌నాథ్ టీ కూడా తాగకుండా తలమీద తువ్వాలు దించి ముఖం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

తువ్వాలు మోసం కోసం కాదమ్మా. మోసం చేసేవాడు మైకులో కూడా చేస్తాడు. అమ్మేవాడి కష్టాన్ని నలుగురూ చూడకుండా కప్పేది అది. నువ్వు చీకటి అన్నావు. మనిషికి కాస్త చీకటి కావాల్సిన చోట్లు కూడా ఉంటాయి.

తిట్టాలని రాయడం లేదు. నీ వయసులో నేను ఇంతకంటే పెద్ద పనులే చేశాను, అవి ఉత్తరంలో రాసేవి కావు. కానీ నువ్వు రేపు వ్యాపారం పెట్టి అదే మనుషుల గడప తొక్కాలి. ధర బయటపెడుతుందని పేరు పడితే నీకు దూడ తోక కూడా చూపించరు.

సంత తర్వాత నాలుగు రోజులు నా దగ్గరికి ఒక్క బేరం రాలేదు. అది నీ మీద పెట్టడం లేదులే, వానలు కూడా పడ్డాయి.

మీ మామ

*

మదనపల్లె,
అక్టోబరు 9.

మామా,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేకపోయాను. జెనిఫర్ నాకంటే ఎక్కువ ఏడ్చింది, మైకు తనదని. సెలవులకు మదనపల్లె వచ్చిన మరుసటి రోజే ఇద్దరం బస్సెక్కి కలికిరి వెళ్లి, అడ్రసు అడుక్కుంటూ అమర్‌నాథ్ గారి ఇల్లు పట్టుకున్నాం. క్షమించమని ఎలా అడగాలో దారంతా అనుకుంటూ పోయాం. తీరా పోతే ఆయన మమ్మల్ని చూసి నులకమంచం వాల్చి, "పోనీలేమ్మా, సదువుకునే పిల్లోళ్లు" అని ఒక్క మాట అని, పొలం వైపు వెళ్లిపోయారు. తిట్టుంటే బాగుండేది.

కానీ మామా, అసలు మాట ఆ తర్వాత జరిగింది. వాళ్ల ఆవిడ లతక్క మాకు మజ్జిగ ఇచ్చి, గుమ్మం దగ్గర కూర్చుని ఏమందో అన్నది అన్నట్టే రాస్తున్నా.

"ఆ పలక రాసింది నువ్వేనా పాపా? మంచిపని సేసినావు."

నేను బిత్తరపోయాను.

"దూడలప్పటి నుంచి మేపింది నేను. కుడితి పెట్టింది నేను, రోగమొస్తే పక్కన పండుకున్నింది నేను. ఎంతకిచ్చినావప్పా అని అడిగితే, తువ్వాలు కింద మాట, అదంతా నీకు యాల అన్నాడు. మా తమ్ముడు మైకులో ఇనొచ్చి సెప్తే తెలిసింది నాకు. తక్కువకిచ్చినాడని కోపం లేదు. అవసరం నాకు తెలీదా? నాకు సెప్పకపోతే ఎట్ల?"

"మరి సంతకు నువ్వే పోకూడదా అక్కా?" అంది జెనిఫర్.

"పోతే? ఎవరో మొగోళ్ల సేతులు పట్టుకోని యేళ్లు లెక్కబెట్టేదా నేను?" అని నవ్వింది.

ఆ వేళ్ల లెక్క ఎలాగో నేర్పించమంది. నువ్వు నేర్పింది నాకు గుర్తుంది కదా. నా చున్నీ తీసి ఇద్దరి చేతులమీదా కప్పాను. ఇది ఒకటి, ఇది రెండు, మొత్తం పట్టుకుంటే ఐదు. లేని కోడెదూడ ఒకదాన్ని ఆమె అమ్మినట్టూ నేను కొన్నట్టూ ఆట. ఆట అన్నాను గానీ, పట్టిన వేలు ఆమె వదల్లేదు. బేరం తెగేసరికి చెమటలు పట్టాయి నాకు. ఆమె మాత్రం కళ్లు తుడుచుకుని, "ఇంత సులువా! దీనికా మమ్మల్ని దూరం పెట్టింది!" అంది.

నువ్వు చెప్పింది నిజం, తువ్వాలు కష్టాన్ని కప్పుతుంది. లతక్క చెప్పింది కూడా నిజం. మేపిన ఆడమనిషిని కూడా అది బయటే నిలబెడుతోంది. రెండింటికీ కలిపి రిపోర్టు ఎలా రాయాలో తెలియక పాత రిపోర్టు చించేశాను.

ఇంకో సంగతి. "తువ్వాలు కింద మాట" అని ఆమె అనగానే నాకు ఖాళీ గుంజ కళ్లముందుకొచ్చింది. మామా, సూటిగా అడుగుతున్నా. చిట్టెమ్మ ఏది?

యమున

*

పుంగనూరు,
అక్టోబరు 18.

యమునకు,

చిట్టెమ్మను అమ్మాను. మంచి మనిషికే అమ్మాను. దళారి అన్నాక ఇంట్లో ఆవు, బయట ఆవు అని తేడా చూపించకూడదు. పొరుగూరి పనిమీద బయలుదేరుతున్నా, తీరిగ్గా రాస్తా. ఫారం సంగతి మరిచిపోకు. మార్కెటింగ్.

మామ

(అదే కవరులో, వేరే కాగితం మీద)

యమునకు మునియమ్మ అత్త రాసేది. ఈ కవరు పోస్టులో వేయమని మీ మామ నా చేతికిచ్చి పోయినాడు. ఆయన రాసింది చదివినాను. నాలుగు ముక్కలే ఉండాయి కాబట్టి మిగతాది నేను రాస్తాను. ఏడో తరగతి చదువు నాది, తప్పులుంటే సరిచేసుకో.

నాకు పన్ను నొప్పి ఎప్పుడూ లేదు. పళ్లు బాగుండాయి.

మా అమ్మ పెద్దతిప్పసముద్రం నుంచి నాతో తోలిచ్చిన ఆవు కడుపున పుట్టింది చిట్టెమ్మ. నాకు పిల్లలు లేరని నీకు తెలుసు. అది నన్ను చూస్తే గుంజ చుట్టూ తిరిగేది. నేను మా అక్క ఇంటికి పోయి వచ్చేసరికి గుంజ ఖాళీగా ఉండాది. ఎవరికిచ్చినావంటే బెంగుళూరాయన అన్నాడు. ఎంతకంటే తువ్వాలు కింద మాట అన్నాడు. నా ఆవు, నా ఇల్లు, నా మొగుడు, మరి నేను నాలుగో మనిషినా? ఆ పొద్దు నుంచి ఆయనతో మాట్లాడలేదు. అన్నం వండి పెడతాను, వడ్డించను.

డబ్బు అడగడం లేదు నేను. అది బ్యాంకులో ఉండాది, ఉండనీ.

లతమ్మ సంగతి నువ్వు రాసింది ఆయన పైకి చదవలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చొక్కా ఉతికేది నేనే కదా. చదివి రెండుసార్లు నవ్వినాను, ఒకసారి ఏడ్చినాను.

చిన్నక్క నాది. దాన్ని అమ్మితే నేనే అమ్మాలని, మీ మామ వినేలా గోడకు చెప్పినాను. నువ్వు నిజంగా యాపారం పెడతావా, ఊరికే చదువుకు రాసుకుంటున్నావా? నిజంగానైతే మొదటి బేరం నాతో చెయ్యి. నీ చున్నీ తెచ్చుకో.

నువ్వు ఏ సబ్జెక్టు తీసుకోవాలో నాకు తెలీదు. కొనే ముందర ఆవు పళ్లు చూస్తారు, పొదుగు చూస్తారు. నీలో ఏది తక్కువో నువ్వే చూసుకో.

అత్త

*

కుప్పం,
నవంబరు 11.

మామకూ అత్తకూ, ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం. పక్కపక్కన కూర్చుని చదువుకోండి, వేరే దారి లేదు.

ఫారం ఇచ్చేశాను. ఫైనాన్స్.

మామా, గుండె పట్టుకోకు. నాన్నకు భయపడి తీసుకోలేదు. ఇది నీ మాటే. ఇంట్లో ఉన్న ఎద్దును సంతలో కొనరని హెచ్‌ఆర్ గురించి అన్నావు. అదే మాట మార్కెటింగ్‌కు కూడా సరిపోతుందని నీకు తట్టలేదు, నాకూ తట్టలేదు. అత్త నాలో తక్కువేదో చూసుకోమన్నాక తట్టింది. అమర్‌నాథ్ గారితో ధర చెప్పించింది నేనే, తప్పయినా చెప్పించాను. లతక్క గుమ్మంలో గంటలో చుట్టమైపోయాను. మాట నాకుంది. లేనిది లెక్క. ఆ రోజు ఆటలో లతక్క ఒక వేలు పెంచితే నేను రెండు పెంచాను. పాపం అనిపించింది. లేని దూడ కాబట్టి బతికిపోయాను. నిజం దూడ అయితే జెనిఫర్ నన్ను మైకుతో కొట్టేది. ఎంతకు కొంటే నిలబడతానో, మేత ఎంతో, ఎన్నాళ్లకు రాబడో తెలియకుండా పాపం అనుకుంటూ కొంటే, రెండేళ్లకు నా ఇల్లు కూడా తువ్వాలు కింద అమ్మకానికి వస్తుంది.

లోకేష్ సారుకు చెబితే, "ఇన్నేళ్లలో కారణం చెప్పి స్పెషలైజేషన్ తీసుకున్నది నువ్వొక్కదానివే. మిగతావాళ్లంతా పక్కవాడి ఫారం చూసి నింపారు" అన్నారు. సాయి నాది చూసే నింపాడు.

నాన్న మహా సంతోషపడ్డాడు. ఫైనాన్స్ తీసుకున్నందుకు ల్యాప్‌టాప్ కొనిస్తానన్నాడు. దాచిపెట్టడం ఇష్టం లేక చెప్పేశాను. "ల్యాప్‌టాప్ వద్దు నాన్నా, జెనిఫర్‌ది ఇద్దరికీ సరిపోతుంది. ఆ డబ్బుకు అత్త పెయ్యను కొంటా" అన్నాను. టికెట్టు కొట్టినట్టు చెప్పాడు నాన్న. "సదువు అయినాక ఒక ఏడాది. ఆ ఏడాదిలో నీ ఆవులు నీకు కూడు పెట్టకపోతే గమ్మున బెంగుళూరు బస్సెక్కాల. నేనే ఎక్కిస్తా." సరేనన్నాను. నాకు అంతే కావాలి, ఒక ఏడాది.

అత్తా, చిన్నక్క నా పేరు మీద ఉన్నా నీ కొట్టంలోనే ఉంటుంది, నీ చేతిమేతే తింటుంది. మొదటి ఈతలో పుట్టింది నీది. సరేనంటే డిసెంబరులో వస్తా. చున్నీ ఉతికి పెట్టాను.

యమున

*

పుంగనూరు,
డిసెంబరు 15.

చిరంజీవి యమునకు,

నువ్వు చిన్నక్క పలుపు అత్త చేతిలోంచి తీసుకుని, మళ్లీ ఆమె చేతికే ఇచ్చి, బస్సుకు టైమైందని పరిగెత్తావు. తర్వాత జరిగింది నీకు తెలియాలి కదా. అందుకే రాస్తున్నా.

ముందు నా అవమానం చెప్పనీ. నా ఇంటి వాకిట్లో, నా కళ్లముందు పశువు బేరం జరుగుతుంటే నన్ను అరుగు మీద కూర్చోమన్నారు. దళారి వద్దన్నారు. నా భార్య ఒక పక్క, నా మేనకోడలు ఇంకో పక్క, మధ్యలో పచ్చ చున్నీ. మీ అత్త ముఖం చూస్తే ఎంత పెట్టిందో తెలుస్తుందనుకున్నాను. ముప్పై ఏళ్లు ముఖాలు చదివిన కళ్లు ఇవి. ఒక్క అక్షరం తెలియలేదు. ఆమె అలా కూర్చోగలదని నాకు ఇన్నేళ్లూ తెలియదు. ఒకసారి మాత్రం నవ్వింది. ఎందుకో అది కూడా తెలియదు.

నువ్వు పోయాక అడిగాను. "ఎంతకమ్మినావే?"

నాలుగు నెలల తర్వాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. "సున్నీ కింద మాట. నీకు యాల?"

నవ్వాలనుకున్నాను. రాలేదు. ఈ చుట్టుపక్కల మండలాల్లో ఏ పశువు ఎంతకు పోయిందో నా చెవిన పడకుండా ఉండదు. నా ఇంటి పెయ్య ఎంతకు పోయిందో నాకు తెలియదు. చిట్టెమ్మ ధర అడిగిన రోజు ఆమెకు ఇలాగే ఉండుంటుంది అనిపించింది. ఇంకా ఎక్కువే ఉండుంటుంది. నాకు పెయ్య పోలేదు కదా, కొట్టంలోనే ఉంది.

అందుకని చెప్పేశాను. చిట్టెమ్మను కొన్నది ఆ కళ్లజోడాయనే అని చెప్పాను. అసలైన మార్కెటింగ్ మేనేజర్ మీరే అని అతను అన్నప్పుడు నా వేళ్లలో బలం పోయిందని, తువ్వాలు కింద అతను ఒక వేలు మడిస్తే నేను మళ్లీ తెరవలేదని, అంత పొగిడినవాడితో గీసి బేరమాడడం నామోషీ అనిపించిందని చెప్పాను. ఎంతకిచ్చానో చెవిలో చెప్పాను. ఆమెను నాలుగో మనిషిగా చూసి దాచలేదమ్మా. ధర చెప్పడానికి సిగ్గుపడి దాచాను. అమర్‌నాథ్ తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నప్పుడు, ఆ సంతలో అతని సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఇంకొకడు లేడు.

మీ అత్త విని లేచి నిలబడింది. తర్వాత కొట్టం అదిరేలా అరిచింది.

"ఇంత తక్కువకా! పెద్దావును ఇంత తక్కువకా! ఆ పిల్ల పెయ్యకే ఇంతకంటే ఎక్కువ ఇచ్చిపోయిందే!"

అనేసి నోరు మూసుకుంది. చున్నీ కింది మాట ఒక సాయంత్రం కూడా నిలవలేదు. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. చిట్టెమ్మ తలపుకొచ్చి ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అన్నం వడ్డించింది. ఆ బెంగుళూరాయనకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, చిట్టెమ్మ అరుపు వినిపించాను. మీ అత్త గొంతు వినగానే అది బదులు పలికింది. నెలకొకసారి వెళ్లి చూసి వచ్చేలా ఆయనతో ఖాయం చేసుకుంది మీ అత్త. నేను మాట్లాడబోతే ఫోను లాక్కుంది, మళ్లీ పొగిడితే ఇంకేం ఇచ్చేస్తానోనని.

ఇంకో సంగతి. నిన్న వీధి చివరి రాజేశ్వరి మా ఇంటికొచ్చింది. వాళ్లింట్లో రెండు పొట్టి ఆవులు. ఇన్నేళ్లూ బేరమంటే ఆమె మొగుడితోనే నా మాట, ఆమె గొంతు ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. నన్ను దాటుకుని లోపలికిపోయి మీ అత్తను అడిగింది. "అక్కా, మీ కోడలు సున్నీ ఏసుకోని మళ్లా ఎప్పుడొస్తాండాది?"

వెనకాల ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నిలబడున్నారు.

కాబట్టి మీ నాన్న ఇచ్చిన ఆ ఏడాది, చదువు అయ్యాక మొదలు కాదు, నిన్నే మొదలైంది. మీ నాన్నకు నేను చెబుతాలే. నేను చిట్టెమ్మను తక్కువకు ఇచ్చానో, నువ్వు చిన్నక్కకు ఎక్కువ పెట్టావో మీ అత్తా నేనూ ఇంకా తేల్చుకోలేదు. రెండూ నిజమేనని నా అనుమానం.

సంక్రాంతి దాకా ఆగకు, వచ్చే ఆదివారమే రా. బస్సెక్కే ముందు మాత్రం ఆ ఫైనాన్స్ పుస్తకం ఒకసారి తిరగేసి రా తల్లీ.

మీ మామ,
మునిశేఖర్